ఇంటి మీద సోలార్ సబ్సిడీ: ప్యానెల్ కంటే ముందు మీటరు మీద పేరు చూడండి

బెంగళూరులో కేఆర్ పురం, హొరమావు వైపు సొంతిల్లు కట్టుకున్న మన తెలుగువాళ్ళలో ఈమధ్య సోలార్ పెట్టించుకునేవాళ్ళు పెరిగారు. ‘ఆధార్, కరెంటు బిల్లు ఇవ్వండి సార్, సబ్సిడీ ఫైలు మేం చూసుకుంటాం’ అని ఇంటికొచ్చేవాళ్ళూ పెరిగారు. అలా ఇచ్చేసి, ప్యానెళ్ళు బిగించాక సబ్సిడీ రాక తిరుగుతున్నవాళ్ళను చూశాక రాస్తున్నది ఇది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే సొమ్ము ఇదీ: మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం 78,000 దాటదు. 5 కిలోవాట్లు పెట్టినా అంతే. సబ్సిడీ అంటే ప్యానెళ్ళు ఉచితమని కాదు. ముందు ఖర్చు మనదే, సబ్సిడీ పని పూర్తయ్యాక మన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల వరకు ఉన్న వాటికి తాకట్టు లేకుండా 2 లక్షల దాకా బ్యాంకు రుణం ఉంది.

అసలు మీకు అవసరమా అన్నది కూడా చూసుకోవాలి. కర్ణాటక ప్రభుత్వపు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సోలార్‌తో మిగిలేది చాలా తక్కువ. నెలకు 300 యూనిట్లు దాటి, ఏసీ, గీజరు వాడే ఇంటికైతే లెక్క కుదురుతుంది. ఎండ బాగున్న రోజు ఒక కిలోవాట్ సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, దానికి 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. పక్కన నాలుగంతస్తులు లేస్తుంటే ఆ లెక్క మారిపోతుంది. ఇంకోటి, బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకు షాక్ కొట్టకుండా అలా పెట్టారు. కోతల కోసమే సోలార్ అనుకునేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

దరఖాస్తు పెద్ద విషయం కాదు. ఈ పథకం జాతీయ పోర్టల్‌లో ఫోన్ నంబరుతో నమోదై, రాష్ట్రం కర్ణాటక, కరెంటు సరఫరా సంస్థ బెస్కాం అని ఎంచుకుని, బిల్లు మీది వినియోగదారు నంబరు కొట్టాలి. పోర్టల్‌లో నమోదుకు రుసుము లేదు. 10 కిలోవాట్ల వరకు అయితే సాంకేతిక పరిశీలన కూడా అక్కర్లేదని కేంద్రం 2024లో నిబంధన మార్చింది. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

చాలామంది ఆగిపోయేది పేరు దగ్గర. నంబరు కొట్టగానే బెస్కాం రికార్డులో ఎవరి పేరుందో ఆ పేరే వస్తుంది. బిల్లు ఒకసారి తీసి చూడండి, కన్నడ లిపి మనకు మరీ కొత్తేం కాదు. పాత ఇల్లు కొన్నవాళ్ళలో చాలామంది రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు, ఖాతా (ఆస్తి రికార్డు) మార్పించుకుంటారు, మీటరు మాత్రం పాత యజమాని పేరునే వదిలేస్తారు. బిల్లు కడుతూనే ఉంటాం కాబట్టి అది గుర్తుకే రాదు. కొన్ని లేఅవుట్లలో మీటరు ఇల్లు కట్టి అమ్మినవాడి పేరున ఉంటుంది. ‘పరవాలేదు, తర్వాత సర్దుతాం’ అని ఏజెంటు అంటే అక్కడే ఆగండి. సర్దుకోవాల్సింది అతనికి కాదు, మీకు.

పేరు మార్పుకు బెస్కాం సబ్‌డివిజన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. రిజిస్టర్ దస్తావేజు, ఖాతా కాగితం, గుర్తింపు కార్డు, బకాయి లేని బిల్లు తీసుకెళ్ళండి. స్టాంపు కాగితం మీద హామీపత్రం కూడా అడగొచ్చు. వారసత్వపు ఇల్లయితే మరణ ధ్రువపత్రం, వంశవృక్షం, మిగతా వారసుల అంగీకారం కావాలి. అన్నదమ్ములు ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో ఉంటే సంతకాలకే సమయం పడుతుంది, ఆ పని ముందు మొదలుపెట్టండి. నాన్నగారు ఉండి మీటరు ఆయన పేరునే ఉంటే మాత్రం టెన్షన్ అక్కర్లేదు. దరఖాస్తు ఆయన పేరున, ఆయన బ్యాంకు ఖాతాతో పెట్టండి.

మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. బిల్లు మీద కె.వి. రావు అని, ఆధార్‌లో ఇంటిపేరు చివర పూర్తిగా, బ్యాంకులో మళ్ళీ మరోలా ఉంటుంది. మూడూ ఒక మనిషివే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఎలాగూ బెస్కాంకు వెళ్తున్నారు కాబట్టి బ్యాంకులో ఉన్నట్టే పేరు రాయించండి.

కింద అద్దెకిచ్చి పైన ఉండే ఇళ్ళలో మూడు నాలుగు మీటర్లుంటాయి. మామూలుగా సోలార్ కలిసేది ఒక్క మీటరుకే, తగ్గేది ఆ బిల్లు ఒక్కటే. అద్దెవాళ్ళ మీటరు నంబరో, మోటారు మీటరు నంబరో పొరపాటున ఇస్తే తర్వాత విప్పడం కష్టం. అపార్ట్‌మెంట్ అయితే పైకప్పు అందరిదీ. సంఘం ముందుకొస్తే లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున వస్తుంది.

ఇక ప్యానెళ్ళు బిగించే వెండర్. పోర్టల్‌లో నమోదైనవాళ్ళనే ఎంచుకోవాలి. కొటేషన్ మరీ చౌకగా ఉంటే డీసీఆర్ (దేశీయ తయారీ) ప్యానెళ్ళేనా అని కాగితం మీద రాయించుకోండి. సెల్, ప్యానెల్ రెండూ దేశంలో తయారైనవి కాకపోతే సబ్సిడీ లేదు. ఐదేళ్ళ నిర్వహణ బాధ్యత వాళ్ళదే అని ఒప్పందంలో ఉండాలి. నమోదుకు మీ ఫోన్ నంబరే ఇవ్వండి. ఏజెంటు తన నంబరు పెడితే ఓటీపీలన్నీ అతనికే పోతాయి, దరఖాస్తు ఎక్కడ ఆగిందో మీకు కనపడదు. అతన్ని మార్చాలన్నా అతన్నే బతిమాలాలి.

బిగింపు అయ్యాక రెండువైపులా లెక్కించే నెట్‌మీటరు వస్తుంది, బెస్కాంవాళ్ళు తనిఖీ చేస్తారు, ధ్రువపత్రం పోర్టల్‌లో కనిపిస్తుంది. అప్పుడు బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు మీరే ఎక్కించాలి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి. 30 రోజుల్లో జమ కావాలని నియమం. కాకపోతే పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, మీటరు సంగతులకు బెస్కాం నంబరు 1912. ‘ఈ నెలతో పథకం ఆఖరు’ అని తొందరపెడితే నమ్మకండి, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉందని ప్రభుత్వమే చెప్పింది. పేరు మార్పు కాగితం చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.