పంజరంలో పిట్ట, ఫైల్లో కాగితం: బెంగళూరులో విదేశీ చిలుకను నమోదు చేయించుకునే విధానం

ముందుగా ఒక మాట. మీ ఇంట్లో ఉన్నది రామచిలుక అయితే ఈ దరఖాస్తు మీకు పనికిరాదు. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, మగదానికి మెడ చుట్టూ గులాబీ గీత. ఇది మన దేశపు అడవి పక్షి. భుజం మీద ఎర్ర మచ్చ ఉండే అలెగ్జాండ్రిన్, మగదాని తల ఊదా కలిసిన గులాబీ రంగులో ఉండే ప్లమ్ హెడెడ్ చిలుక కూడా అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. జైలు మూడేళ్ళ దాకా, జరిమానా లక్ష దాకా పడొచ్చు. వీటికి రిజిస్ట్రేషన్ అనేదే లేదు.

రామమూర్తి నగర్‌లో మా వీధిలో ఉండే చిత్తూరు అక్క ఒకరికి ఈ మాట చెబితే, "అదేందన్నా, గుళ్ళ కాడ జోస్యం చెప్పేవాళ్ళ దగ్గర ఉంటాయి గదా?" అంది. ఉంటాయి. అవీ నేరమే, పట్టించుకునేవాళ్ళు తక్కువ, అంతే. పుట్టినప్పటి నుంచి మనం చిలక అని పిలిచే పిట్టనేమో పెంచుకోకూడదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చినదాన్ని పెంచుకోవచ్చు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ కారణం ఉంది. మన చిలుకను గూట్లోంచి తీసి తెస్తారు, విదేశీ చిలుక ఇక్కడ పంజరంలోనే పుట్టి ఉంటుంది. ఆ 'పంజరంలోనే పుట్టింది' అన్నమాటకు ఆధారం చూపడమే ఈ దరఖాస్తు మొత్తం.

గూట్లోంచి పడిన రామచిలుక పిల్ల దొరికితే ఇంట్లో దాచుకోకండి. కర్ణాటక అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926కు ఫోన్ చేసి అప్పగించండి.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

2022లో చట్టాన్ని సవరించి షెడ్యూల్ 4 అని కొత్త జాబితా పెట్టారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న జీవులన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. చిలుకల జాతిలో దాదాపు అన్నీ అందులో ఉన్నట్టే. సన్ కన్యూర్, క్వేకర్ అని అమ్మే మాంక్ పారకీట్, నీలం పసుపు మకావ్, కాకటూలు, ఆఫ్రికన్ గ్రే అన్నింటికీ నమోదు తప్పనిసరి.

మినహాయింపు ఉన్నవి కొన్నే. బడ్జీలు, కాకటీల్, పీచ్ ఫేస్ లవ్‌బర్డ్. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ దగ్గర పంజరాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే కాబట్టి చాలామందికి ఈ గొడవే ఉండదు. కానీ ఒక చిక్కుంది. లవ్‌బర్డ్ అని అమ్మేవన్నీ పీచ్ ఫేస్ కావు. కంటి చుట్టూ తెల్లటి రింగు ఉంటే అది ఫిషర్ లాంటి వేరే జాతి, దానికి మినహాయింపు లేదు. ఇంకో చిక్కు, నీలం రంగువీ పసుపు రంగువీ 'రింగ్‌నెక్, ఫారిన్ బర్డ్ సార్' అని అమ్ముతారు. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. అది రామచిలుకే. నన్నడిగితే దాని జోలికి వెళ్ళొద్దంటాను.

గడువు

దీనికి నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే పక్షులు ఉన్నవాళ్ళకు ఆరు నెలలు, అంటే 2024 ఆగస్టు 28 దాకా సమయం ఇచ్చారు. అది అయిపోయింది. ఇప్పుడు కొనేవాళ్ళకు, పక్షి చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులు. బిల్లు మీద తేదీ వేరు, ఇంటికి తెచ్చుకున్న తేదీ వేరు అయితే రెండూ కాగితం మీద ఉండేలా చూసుకోండి.

గడువు దాటిపోయినవాళ్ళు కొందరు పాత తేదీతో బిల్లు రాయించుకోవచ్చా అని నన్నడిగారు. వద్దు. ఆలస్యంగా నిజం చెబితే అది ఆలస్యం, అంతే. తప్పుడు బిల్లు బయటపడితే అది వేరే కేసు. ఉన్న తేదీ ఉన్నట్టు రాసి, ఆలస్యానికి కారణం ఒక లేఖలో పెట్టి దరఖాస్తు చేయండి. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వెల్లడించమన్నప్పుడు డిక్లరేషన్ ఇచ్చినవాళ్ళు ఆ కాగితం తీసి దుమ్ము దులపండి. ఇప్పుడు దానికి మించిన ఆధారం లేదు.

కాగితాలు: అసలు పని ఇక్కడే

ఫారం నింపడానికి అరగంట చాలు. కాగితాలు కూడగట్టడానికే నాకు మూడు వారాలు పట్టింది. 2022లో సన్ కన్యూర్ కొన్నప్పుడు అమ్మినతను ఒక చిట్టీ మీద 'పిట్ట 1' అని రాసి, కింద డబ్బు అంకె వేసి ఇచ్చాడు. రెండేళ్ళ తర్వాత వెతుక్కుంటూ వెళితే ఆ కొట్లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. చివరికి ఫోన్‌లో ఆ రోజు డబ్బు పంపిన వివరం ప్రింటు తీసి, నోటరీతో అఫిడవిట్ చేయించి జతచేశాను. మీరు నాలా చిట్టీతో ఇంటికి రాకండి.

కొనేటప్పుడే బిల్లు మీద ఇవి రాయించుకోండి: అమ్మినవారి పూర్తి పేరు, చిరునామా, పక్షి శాస్త్రీయ నామం, వయసు, కాలి రింగు నంబరు, తేదీ. శాస్త్రీయ నామం ఎందుకంటే మార్కెట్ పేర్లను దరఖాస్తు చేసే ప్రభుత్వ పోర్టల్ గుర్తుపట్టదు. సన్ కన్యూర్ అంటే అరాటింగా సోల్‌స్టిషియాలిస్, క్వేకర్ అంటే మయోప్సిటా మొనాకస్. ఆఫ్రికన్ గ్రే విషయంలో ఇంకాస్త జాగ్రత్త. అది 2017 నుంచి సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది, అంటే అత్యంత కట్టుదిట్టమైన జాబితా. ఆ జాబితాలోని జాతులను పంజరంలో పిల్లలు చేయించేవారికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే పెద్ద అటవీ అధికారి, ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు కాపీ అడగండి. నీళ్ళు నమిలితే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి. విదేశం నుంచి నేరుగా దిగుమతి అయిన పక్షి అయితే దిగుమతి లైసెన్సు, సైటీస్ పర్మిట్ కాపీలు కావాలి.

కాలి రింగు గురించి రెండు మాటలు. మూసిన రింగు అంటే అతుకు లేని లోహపు కడియం. పిల్ల బాగా చిన్నగా ఉన్నప్పుడు, కాలి వేళ్ళు కలిపి పట్టుకుని తొడుగుతారు. కాలు పెరిగాక అది రాదు, పోదు. కాబట్టి మూసిన రింగు ఉందంటే ఆ పిల్ల మనుషుల చేతిలో పుట్టిందని చెప్పుకోవడానికి బలమైన ఆధారం. అతుకున్న రింగును ఎప్పుడైనా పట్టకారుతో తగిలించొచ్చు, దానికి ఆ విలువ లేదు.

మగదో ఆడదో కూడా ఫారంలో రాయాలి. కన్యూర్, గ్రే, మకావ్‌లలో చూసి చెప్పలేం. రెండు మూడు ఈకలు ల్యాబ్‌కు పంపితే డీఎన్ఏ కార్డు వస్తుంది. చాలామంది బ్రీడర్లు పక్షితోపాటే ఇస్తారు. ఫొటోలు నాలుగు చాలు: ముందు నుంచి, పక్క నుంచి, పంజరంతో కలిపి, రింగు నంబరు కనపడేలా. ఆఖరిది తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తువ్వాలులో మెత్తగా చుట్టి పట్టుకుంటే ఇంకొకరు కాలికి దగ్గరగా ఫోన్ పెట్టాలి. ఛాతీ మీద నొక్కకండి, పక్షికి ఊపిరాడదు. నా వేలికి ఆ రోజు గాటు ఇప్పటికీ ఉంది.

పక్షుల్ని చూసే పశువైద్యుడి దగ్గర ఆరోగ్య పత్రం కూడా తీసుకుని పెట్టుకోండి. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే క్లినిక్‌లో చిలుకను తిప్పి తిప్పి చూసి రాసిచ్చే పత్రంతో మీకూ దానికీ ఉపయోగం లేదు. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడగండి.

పోర్టల్లో

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్లోనే. చేత్తో రాసిన అర్జీ తీసుకోరు. ఈమెయిల్, ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, వన్యప్రాణుల విభాగంలో జీవించి ఉన్న జంతు జాతుల నమోదు అన్నది ఎంచుకోవాలి. రాష్ట్రం దగ్గర కర్ణాటక అని పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన తెలుగువాళ్ళు ఇక్కడే పొరపడతారు. ఆధార్ మీద కడప చిరునామా ఉంటుంది, పక్షి ఉండేది వైట్‌ఫీల్డ్‌లో. దరఖాస్తు వెళ్ళాల్సింది పక్షి ఎక్కడుంటే ఆ రాష్ట్రపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి. ఇక్కడ ఆ కార్యాలయం మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని అరణ్య భవన్‌లో ఉంది. ఇక్కడి చిరునామాకు అద్దె ఒప్పందం గానీ కరెంటు బిల్లు గానీ దగ్గర పెట్టుకోండి.

ఒక్కో పక్షి వివరాలు విడివిడిగా నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాలి. అది తిరిగి రాదు కాబట్టి పంపే ముందు రింగు నంబరు ఇంకోసారి సరిచూసుకోండి. నేను సున్నా బదులు ఓ అక్షరం కొట్టి, సవరణకు తిప్పలు పడ్డాను.

తనిఖీకి వస్తారా?

రావొచ్చు. పక్షినీ, అది ఉండే చోటునూ చూసే అధికారం అటవీ శాఖ వాళ్ళకుంది. ఎవరూ రాకపోయినా వసతి సరిగ్గా ఉండాల్సిందే కదా. రెండు రెక్కలూ పూర్తిగా చాచి, తగలకుండా వెనక్కి తిరగగలిగేంత పంజరం, అంతకన్నా చిన్నది వద్దు. వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ గిన్నె బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి మనకు తెలియదు, చిలుకను నిమిషాల్లో చంపేస్తుంది. చిలుకున్న ఇంట్లో దోసెలు ఇనప పెనం మీదే పోయాలి. సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో వద్దు. ఈ ఊళ్ళో ప్రతి జ్యూస్ అంగడిలో దొరికే బటర్ ఫ్రూట్ (అవకాడో) చిలుకకు విషం, చాక్లెట్ కూడా. ఒక్క పొద్దుతిరుగుడు గింజలే వేస్తూ ఉంటే కాలేయం కొవ్వెక్కుతుంది. మునగాకు, జామకాయ, దానిమ్మ, నానబెట్టిన పెసలు పెట్టి చూడండి. పచ్చిమిరపకాయ మనకన్నా ఇష్టంగా తింటుంది, దానికి కారం తెలియదు.

అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఒక హెచ్చరిక. సన్ కన్యూర్ అరిస్తే మూడు ఫ్లోర్లకు వినపడుతుంది. అధికారి కన్నా ముందు అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు.

పత్రం వచ్చాక

రిజిస్ట్రేషన్ నంబరున్న పత్రం పోర్టల్లోనే వస్తుంది. ప్రింటు తీసి ఒకటి ఫైల్లో, ఒకటి పంజరం దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. కార్లో ఊరికి తీసుకెళ్ళేటప్పుడు వెంట ఉండాలి. గుడ్లు పెట్టి పిల్లలైనా, పక్షి చనిపోయినా, ఎవరికైనా ఇచ్చేసినా ఆలస్యం చేయకుండా పోర్టల్లో తెలపాలి. తీసుకున్నవారు తమ పేరున మళ్ళీ నమోదు చేసుకోవాలి. హైదరాబాద్‌కో విజయవాడకో మకాం మారిస్తే ముందే తెలియజేయండి. విసుగొచ్చిందని బయటికి వదిలేయడం మాత్రం చేయకూడదు. పంజరంలో పుట్టిన కన్యూర్‌కి కబ్బన్ పార్కులో తిండి వెతుక్కోవడం రాదు, కాకులు పొడుస్తాయి.

ఇచ్చేయడం గురించి ఎందుకు చెబుతున్నానంటే, కన్యూర్ పాతికేళ్ళు బతకగలదు, ఆఫ్రికన్ గ్రే నలభై ఏళ్ళు దాటుతుంది. నాకు యాభై నాలుగు. మా అమ్మాయి ఆధార్ కాపీ ఒకటి ఇప్పుడే ఆ ఫైల్లో పెట్టి ఉంచాను.