జనాభానా, జీవ సమాజమా? ఎలా తేల్చాలి

ఏ చెరువులోనైనా జనాభాలూ ఉంటాయి, జీవ సమాజమూ ఉంటుంది. కాబట్టి జీవావరణ శాస్త్రవేత్తలు ముందు తాము దేని గురించి తెలుసుకోవాలనుకుంటున్నారో రాసుకుంటారు.

మొదట జాతి చూడండి. లెక్కలోకి తీసుకున్నవన్నీ ఒకే జాతివైతే అది జనాభా. ఒకేచోట కలిసి బతికే వేర్వేరు జాతుల జనాభాలన్నీ కలిస్తే జీవ సమాజం. "చెరువులోని కప్పలు" అని రాస్తే సరిపోదు. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే కప్పలు వేర్వేరు జాతులవి కావచ్చు. అలాంటప్పుడు వాటి అరుపును బట్టో, డీఎన్‌ఏ పరీక్షతోనో తేలుస్తారు.

తర్వాత హద్దు గీయాలి. ఒకే జాతి చేపలైనా, ఒక చెరువులోవి ఇంకో చెరువులోకి వెళ్లే దారి లేకపోతే వాటిని రెండు జనాభాలుగానే లెక్కిస్తారు. నిజానికి చిక్కంతా ఇక్కడే. పక్షుల్లాంటి వాటికి సహజమైన హద్దు దొరకడం కష్టం, చాలాసార్లు పరిశోధకులే ఒక గీత గీసి, ఏ చోట, ఏ కాలంలో అన్నది చెప్పేస్తారు.

ఇప్పుడు ప్రశ్నను చూడండి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పుట్టాయి, చచ్చాయి, వలస వచ్చాయి, పోయాయి అని అడుగుతుంటే మీ పని జనాభాతో. ఉదాహరణకు 50 చేపలకు గుర్తుపెట్టి వదిలారు. కొన్నాళ్లకు మళ్లీ పట్టిన 40 చేపల్లో 10కి ఆ గుర్తు కనిపించింది, అంటే నాలుగో వంతు. చెరువంతటా అదే పాళ్లు అనుకుంటారు. 50ని 40తో గుణించి 10తో భాగిస్తే చెరువులో సుమారు 200 చేపలున్నట్టు. మధ్యలో రాకపోకలు, చావుపుట్టుకలు పెద్దగా లేకపోతేనే ఈ లెక్క నిలుస్తుంది.

ఎన్ని జాతులున్నాయి, ఏది ఎంత పాళ్లలో ఉంది, ఏది దేన్ని తింటోంది అంటే అది సమాజం గురించిన ప్రశ్న. రెండుచోట్లా పదేసి జాతులే ఉన్నా, ఒకచోట ఒకే జాతి 90 శాతం ఆక్రమిస్తే ఆ రెండు సమాజాలూ ఒకలాంటివి కావు.

ఒక జనాభాను కదిపితే సమాజం ఎలా మారుతుందో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ చూపించారు. అమెరికా పశ్చిమ తీరంలోని రాళ్ల మీద ఒక జాతి సముద్ర నక్షత్రాలను ఆయన ఏరేస్తూ వచ్చారు. అవి తినే ఆల్చిప్పల్లాంటి జీవులు చోటును ఆక్రమించడంతో అక్కడి 15 జాతులు 8కి పడిపోయాయని 1966లో ప్రచురించారు. తీసేసింది ఒక్క జనాభానే!

"పక్షుల సమాజం" అన్న మాట పరిశోధన పత్రాల్లోనూ కనిపిస్తుంది. అది సమాజంలో ఒక ముక్క మాత్రమే. మొక్కలు, పురుగులు, సూక్ష్మజీవులు కూడా కలిస్తేనే పూర్తి సమాజం. నీరు, మట్టి, వెలుతురును కూడా కలిపి లెక్కిస్తుంటే మాత్రం మీరు ఆవరణ వ్యవస్థలోకి వెళ్లినట్టు.