కాగితం గ్లైడర్‌కు మోటారు, రేడియో బిగించే ముందు జాగ్రత్తలు

ముందు ఉత్త గ్లైడర్‌నే చేత్తో విసిరి చూడండి. తిన్నగా జారకుండా ఒక పక్కకు ఒరిగితే రెక్క మెలి తిరిగిందన్నమాట. ఆ వంకర సరిచేయకుండా మోటారు పెడితే వేగంతోపాటు ఆ ఒరగడమూ పెరుగుతుంది.

బరువు దగ్గర మొహమాటం వద్దు. రిసీవర్ (రేడియో సంకేతాలు అందుకునేది), సర్వోలు (తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), మోటారు, బ్యాటరీ, తీగలు అన్నీ 0.1 గ్రాము చూపే త్రాసు మీద తూచండి. మొత్తం బరువు రెట్టింపైతే గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సుమారు 1.4 రెట్లవుతుంది, చిన్న స్థలంలో మలుపు తిప్పడం కష్టం. నీటి జిగురు కాగితాన్ని ఉబ్బించి వంచుతుంది, వేడి జిగురు బరువెక్కువ.

గరిమనాభి (విమానం బరువు సమంగా తూగే చోటు) రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో 25–30 శాతం దగ్గర ఉండాలి. ఏదీ అతికించకముందే బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి ఈ చోటు తేల్చుకోండి. తోక బరువైతే విమానం ముక్కెత్తి కూలుతుంది, అప్పుడు ఎలివేటర్‌తో (తోకలో పైకీ కిందికీ కదిలే పలక) కాపాడటం దాదాపు అసాధ్యం.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. 70 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటల) సామర్థ్యమున్న సెల్‌కు ఛార్జింగ్ కరెంటు 70 మిల్లీఆంపియర్లు చాలు. ఉబ్బిన సెల్ అసలు వాడొద్దు.

కంట్రోళ్లు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్), తర్వాతే విమానం ఆన్ చేయాలి. వెనక నిలబడి చూడండి: స్టిక్ కుడికి తిప్పితే రడ్డర్ (తోకలో పక్కలకు తిరిగే నిలువు పలక) వెనక అంచు కుడికి, స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి కదలాలి.