కాగితపు కొంగ దగ్గర పిల్లలకు ఎదురయ్యే చిక్కులు

ఆగస్టు 6 దగ్గర పడుతుంటే ఎనిమిది, పదేళ్ల పిల్లలకు ఆ రోజు అణుబాంబు పడిన జపాన్ నగరం హిరోషిమా గురించి చెప్పి, కాగితపు కొంగలు చేయిస్తుంటాను. ఏటా అవే చోట్ల చిక్కుకుంటాం. వేళ్ల దగ్గర వచ్చే చిక్కులు తేలిగ్గా తీరతాయి, ముందు అవి.

సమస్య: ఒక రెక్క పొడుగు, ఒకటి పొట్టి.
కారణం: కాగితం సరైన చతురస్రం కాదు. నోటుబుక్కు పేజీని కంటి అంచనాతో కోస్తే రెండు మిల్లీమీటర్ల తేడా కూడా చివర్లో ముక్కు దగ్గర బయటపడుతుంది.
పరిష్కారం: పొట్టి అంచును పొడుగు అంచు మీదికి త్రికోణంగా మడిచి, మిగిలిన పట్టీ కత్తిరించండి. చిన్న చేతులకు 15 సెంటీమీటర్ల ముక్క బాగుంటుంది. చార్టు మందం, మడత నిలవదు. గ్లేజ్ కాగితం చాలు.

సమస్య: రేకును, అంటే పై పొరను, పైకి ఎత్తబోతే లేవదు, లాగితే చిరుగుతుంది.
కారణం: కాగితం మడిస్తే వచ్చిన చిన్న చతురస్రాన్ని తలకిందులుగా పెట్టుకున్నారు. దానికి పొరలు విడిపోయే మూల ఒకటి, మూసుకున్న మూల ఒకటి ఉంటాయి.
పరిష్కారం: విడిపోయే మూలను తమ వైపు పెట్టుకుని, పక్క అంచులను మధ్య గీతకు మడవాలి. గోటితో గట్టిగా రుద్ది, విప్పి, అప్పుడు రేకు ఎత్తాలి. మెడ లావుగా వచ్చిందంటే రెక్కల వైపు సన్నం చేశారన్నమాట. కాళ్లలా చీలిన వైపే సన్నం చేయాలి.

సమస్య: కొంగ అనగానే పిల్లలు నవ్వుతారు.
కారణం: మనకు కొంగంటే కొంగజపమే గుర్తొస్తుంది.
పరిష్కారం: జపాన్‌లో ఈ పక్షిని ‘త్సురు’ అంటారనీ, అది వెయ్యేళ్లు బతుకుతుందని అక్కడి నమ్మకమనీ ముందే చెప్పండి. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని ఎందుకంటారో కూడా అప్పుడే అర్థమవుతుంది.

సమస్య: “వెయ్యి చేసింది కదా టీచర్, మరి ఎందుకు చచ్చిపోయింది?”
కారణం: తప్పు మనదే. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని, ఆసుపత్రిలో కొంగలు మడిచిన సదాకో అనే హిరోషిమా పాప కథ మొదలుపెడతాం, మధ్యలో పాప చనిపోతుంది. మొదటిసారి నాకూ జవాబు దొరకలేదు, ‘ఇంకొన్ని మిగిలిపోయాయి’ అనేశాను. అలా అనకూడదు. చాలా కథల్లో సదాకో 644 దగ్గర ఆగిపోయిందని ఉంటుంది. అది విన్న పిల్లలు మిగతా 356 కూడా మడిచి ఉంటే బతికేదేమో అనుకుంటారు. ఆమె అన్నగారు, హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం మాత్రం వెయ్యి దాటాయనే చెబుతారు.
పరిష్కారం: జరిగింది జరిగిన వరుసలోనే చెప్పండి. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు బాంబు పడినప్పుడు సదాకో ససాకికి రెండేళ్లు. ఇల్లు పేలుడు చోటుకు రెండు కిలోమీటర్లు కూడా లేదు. పైకి గాయాలు కనిపించలేదు. పెరిగి పెద్దదై పరుగు పందేల్లో చురుగ్గా ఉండేది. 1955 ఫిబ్రవరిలో రక్త క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరింది. మందుల పొట్లాల కాగితాలతో కూడా కొంగలు మడిచింది. అక్టోబరు 25న చనిపోయింది. కొంగలు జబ్బు నయం చేయలేదని స్పష్టంగా చెప్పండి, పిల్లలు తట్టుకుంటారు. అయితే అక్కడ ఆపకండి. ఆమెతో చదివిన పిల్లలు చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఎన్నో బడులు చేయి కలిపాయి. 1958 మే 5న, జపాన్ బాలల దినం నాడు, చనిపోయిన పిల్లలందరి పేరిట హిరోషిమాలో స్మారకం వెలిసింది. నేను ఆశ గురించి మాట్లాడేది ఈ పిల్లల దగ్గరే.

సమస్య: రాత్రి నిద్రపోరు, “మన మీద కూడా పడుతుందా?” అంటారు.
కారణం: కాలిన ఒళ్ల ఫొటోలు చూసి ఉంటారు.
పరిష్కారం: ఈ వయసుకు ఆ ఫొటోలు వద్దు. ‘అలాంటి బాంబులు ఇప్పుడు లేవు’ అని అబద్ధమూ వద్దు. ఉన్నాయి, వాటిని తీసేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ బాంబుల నుంచి బతికినవాళ్ల సంఘం నిహోన్ హిదాంక్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ముసలివాళ్లు దశాబ్దాలుగా ఇదే అడుగుతున్నారని చెబితే పిల్లలు కాస్త కుదుటపడతారు.

సమస్య: ‘నావి ఇరవై, నీవి ఆరే’ అని పోటీ మొదలవుతుంది.
కారణం: వెయ్యి అనే లెక్క.
పరిష్కారం: వెయ్యి మాట వదిలేయండి. వెయ్యి కొంగల దండకు సాధారణంగా నలభై కొంగల చొప్పున 25 దారాలు కడతారు. మీ తరగతికి ఒక్క దారం చాలు, అందరివీ అందులోనే గుచ్చండి. దారం కింది కొసకు గుండీ కట్టడం మరవకండి, లేకపోతే కొంగలన్నీ జారిపోతాయి.