పోలీసు జీపు లాగ్‌బుక్, ఫోన్ బిల్లు సమాచార హక్కు చట్టం కింద ఎలా అడగాలి?

ప్రభుత్వ జీపులో సారు గారి పిల్లలు బడికెళ్తున్నారని ఊళ్లో గుసగుసలు మామూలే. నిజమో కాదో తేల్చాలంటే ఆ జీపు లాగ్‌బుక్, అంటే బండి రోజూ ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసే పుస్తకం, చూడాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద దాని నకలు ఎవరైనా అడగొచ్చు. పోలీసు శాఖ కదా అని టెన్షన్ పడక్కర్లేదు. ఎందుకు కావాలో కూడా చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది.

నా మొదటి దరఖాస్తు మాత్రం తిరిగొచ్చింది. "జీపును సొంత పనులకు ఎందుకు వాడుతున్నారు?" అని రాశాను మరి. ఈ చట్టం కింద రికార్డు ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. రెండోసారి "ఎందుకు" తీసేసి రిజిస్టర్ పేరు రాశాను.

ముందు, ఏం అడగాలి? ఒక బండి, ఒక నెల చాలు. ఇలా రాయండి: "ఫలానా నంబరు వాహనానికి 2025 జూన్ 1 నుంచి 30 వరకు లాగ్‌బుక్ పేజీల నకళ్లు, అదే నెల డీజిల్ ఇండెంట్లు (డీజిల్ కోసం రాసిచ్చే చీటీలు), బంకు బిల్లులు, రిపేరు బిల్లులు." అన్ని బండ్లకూ అయిదేళ్లవి అడిగారో, కట్టలు చూపించి మీరే వచ్చి చూసుకోండి అంటారు.

ఫోన్ల విషయంలో ల్యాండ్‌లైన్‌కూ ఆఫీసు సిమ్‌లకూ నెలనెలా కట్టిన మొత్తం, బిల్లుకు పరిమితి పెట్టిన ఉత్తర్వు ఉంటే దాని నకలు అడగండి. ఎవరెవరికి ఫోన్ చేశారో మాత్రం అడగొద్దు. ఆ జాబితాలో రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్లు ఉండొచ్చు. సెక్షన్ 8(1)(జి) చూపించి తిరస్కరిస్తారు. నన్నడిగితే అది న్యాయమే.

దరఖాస్తు చివర ఇంకో వాక్యం కలపండి: "ఇవ్వకూడని వరుసలుంటే సెక్షన్ 10 ప్రకారం వాటిని కొట్టేసి మిగతాది ఇవ్వగలరు." దర్యాప్తు పేరు చెప్పి మొత్తం పుస్తకం ఆపేయకుండా ఇది పనికొస్తుంది.

తర్వాత, ఎవరికి పంపాలి? జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జతచేస్తే అదీ లేదు. స్పీడ్‌పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. గడువు లెక్క దరఖాస్తు వాళ్లకు అందిన రోజు నుంచి, ఆ తేదీ ఈ రసీదు నంబరుతోనే తెలుస్తుంది.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

ఇక నకళ్లు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. నిన్న సాయంత్రం బండి ఆగినప్పటి మీటరు రీడింగే ఈరోజు ఉదయం మొదటి రీడింగు కావాలి. మధ్యలో 38 కిలోమీటర్లు మాయమైతే ఆ తేదీ చుట్టూ గీత గీయండి. వెళ్లిన చోటు దగ్గర ఊరి పేరు లేకుండా రోజూ "లోకల్ డ్యూటీ" అని ఉంటే అదీ గుర్తుపెట్టుకోండి. అధికారి సంతకం ఉందో లేదో చూడండి.

తర్వాత డీజిల్ లెక్క. నెలలో 1,240 కిలోమీటర్లు తిరిగి 155 లీటర్లు పోయించారనుకుందాం, లీటరుకు 8 వచ్చినట్టు. తర్వాతి నెల అదే బండికి 5 వస్తే వెంటనే దొంగతనం అనేయకండి. బందోబస్తులో బండి కదలకపోయినా ఇంజను గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఆ నెల ఊళ్లో జాతరో ఎన్నికలో ఉన్నాయేమో చూడండి.

నెలంతా ఒకే చేతిరాతలో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ముత్యాల్లా రాసి ఉంటే నాకు అనుమానమే. రోజూ రాసే పుస్తకం అంత శుభ్రంగా ఉండదు. అప్పుడు సెక్షన్ 2(జె) కింద అసలు పుస్తకం చూస్తానని ఇంకో దరఖాస్తు పెట్టండి. జిరాక్సులో సిరా రంగు తెలియదు.