పిల్లల్లో ఊపిరి కండరాల బలం కొలవడం ఎలా

బిడ్డను నిటారుగా, పాదాలు కింద ఆనేలా కూర్చోబెట్టండి. ముక్కుకు క్లిప్పు పెట్టండి. ఊపిరి పీడనం కొలిచే పరికరం గొట్టానికి ఉండే మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే భాగం) రబ్బరు అంచు పెదవులకూ పళ్ళకూ మధ్య ఇమడాలి.

గొట్టానికి సుమారు 2 మి.మీ. వ్యాసంతో గాలి బయటికి పోయే సన్నని దారి తెరిచే ఉండాలి. అది లేకపోతే బిడ్డ గొంతు మూసి, బుగ్గలతోనే పెద్ద అంకె తెప్పించేస్తుంది. ఉమ్ము చేరితే పూడిపోతుంది కాబట్టి ప్రతిసారీ చూసుకోండి.

పీల్చే బలానికి ముందు ఊపిరంతా వదిలించాలి, ఊదే బలానికి నిండా పీల్పించాలి. కనీసం ఒకటిన్నర సెకన్లు పట్టు నిలవాలి. ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బకుండా చేతులతో అదిమి పట్టండి.

అమలాపురం వైపు పిల్లలకు “బొండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు” అని చెప్పాలనిపిస్తుంది. దయచేసి వద్దు, అది బుగ్గల పని. “ఛాతీతో లాగు నాన్నా, లాగు, లాగు, లాగు!” అని గట్టిగా ఉత్సాహపరచండి. మొదటి రెండు మూడు ప్రయత్నాలు నేర్చుకోవడానికే పోతాయి.

మధ్యలో అర నిమిషం, నిమిషం విశ్రాంతి ఇవ్వండి. మూడు అంకెలు 10 శాతం తేడాలోపు వచ్చాక వాటిలో పెద్దది, సెంటీమీటర్ల నీటి పీడనంలో, రాయండి. తల తిరిగితే ఆపండి. ఈమధ్యే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చినా, కంటికో పొట్టకో ఆపరేషన్ అయినా ఈ పరీక్ష చేయకూడదు.

మౌత్‌పీస్ పట్టలేని చిన్నపిల్లలకు ఒక ముక్కు రంధ్రంలో పరికరానికి తగిలించిన ప్లగ్ పెట్టి, నోరు మూసి, మామూలుగా ఊపిరి వదిలిన చివర గట్టిగా ఎగబీల్పించండి. పదిసార్లు చేయించి పెద్దది తీసుకోండి. ముక్కు దిబ్బడ ఉంటే అంకె తప్పుగా తగ్గుతుంది.

మంచి అంకె వస్తే పెద్ద బలహీనత లేదనుకోవచ్చు. తక్కువ వస్తే మాత్రం బిడ్డ సరిగా చేయకపోయి ఉండొచ్చు, మరో రోజు మళ్ళీ కొలవండి.