సొంతంగా కట్టిన బుష్ విమానం (చదును చేయని నేల మీద కూడా దిగగల చిన్న విమానం) తొలిసారి ఎగిరే ముందు జాగ్రత్తలు

వానలు వెనుకబట్టి, ఓరుగల్లు చుట్టుపక్కల గాలి నిలకడగా ఉండే చలికాలపు ఉదయాలు దగ్గరపడుతున్నాయి కనుక, షెడ్డులో విమానం సిద్ధమైనవారు వీటిని సరిచూసుకోవాలి.

ముందుగా గరిమనాభి, అంటే విమానం బరువంతా ఒకచోట ఉన్నట్టు పనిచేసే బిందువు. తోకచక్రపు విమానాన్ని తోక ఎత్తి, ఎగిరే భంగిమలో నిలిపి, మూడు చక్రాల కింద కాటాలు పెట్టి తూచాలి. పైలట్, ఇంధనం, సామాను బరువులను కలిపి లెక్కించినప్పుడు గరిమనాభి పరిమితి దాటి వెనక్కి జరిగితే, స్టాల్ అయిన, అంటే రెక్కలు ఎత్తే బలాన్ని కోల్పోయిన, విమానం ముక్కును దించడం అసాధ్యం కావచ్చు. గాలిలో దీన్ని దిద్దుకునే వీలు దాదాపు ఉండదు.

నియంత్రణ కర్ర అయిన స్టిక్‌ను ఎడమకు వంచితే ఎడమ ఐలెరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) పైకి లేవాలి. కేబుళ్లు తారుమారైనా సాఫీగానే కదులుతాయి కనుక, అవి కదిలే దిశ సరైనదేనా అని మరొకరిచేత కూడా పరీక్షింపజేయడం మేలు.

బంకు పెట్రోలులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది. ఇంజిన్ తయారీదారు అనుమతించిన ఇంధనమే వాడి, ట్యాంకు అడుగున చేరిన నీటిని తీసివేయాలి.

నల్లరేగడి పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది. చక్రాలు దిగబడితే విమానం ముక్కు మీద బోల్తాపడవచ్చు కాబట్టి, విమానం ఎగిరి దిగే స్ట్రిప్ పొడవునా నడిచి చూడాలి.

దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా ఎగరరాదు. ఓరుగల్లు దగ్గరి మామునూరు విమానాశ్రయపు పాత రన్‌వే ఖాళీగా కనిపించడం అనుమతి కాదు.